కేడెట్టు పట్టీలు



నిరుడు సంక్రాంతి పోయిన మూడవనాడు, నేను పూర్వము పనిచేసిన యొక ఉన్నత పాఠశాల ఆవరణమున పాత విద్యార్థులు కొందఱు కూడిరి. వారందఱు ఒకప్పుడు నాయొద్ద ఎన్.సి.సి. కవాతు నేర్చిన బాలురు. నేడు వారికి తలలు నెరసినవి. కొందఱి కల్లుండ్రు కూడ వచ్చిరి. మాటలు సాగుచుండగా ఎవరో వేడుకకు "సావధాన్" అని కేక వేసిరి. అంతట ఆ నడివయస్కులు చేతిలోని కాఫీ గ్లాసులు క్రింద బెట్టి, ముప్పదియేండ్ల నాటి వరుసలోనే నిలువబడిరి. ఎవరి తావును వారు మఱవలేదు. (మన అవధానుల అవధానమును, కవాతులోని యీ సావధానమును ఒక్కమాటయే యని నేను తెలుగు తరగతిలో చెప్పుచుండెడివాడను.)

ఆ వేడుక చూచుచున్న గ్రామపు పెద్దయొకరు నన్ను, "పంతులుగారూ, సార్జెంటనగా పోలీసు జమేదారు వంటివాడా? మావాని పెట్టెలో అట్టి కాగితమొకటి యున్నది. దానికి పింఛను వచ్చునా?" అని యడిగిరి. ప్రశ్న చిన్నదే. కాని సమాధానము చెప్పుటకు నూఱేండ్ల చరిత్ర విప్పవలసి వచ్చినది.

కేడెట్టు అను మాట మనది కాదు. మొదట ఇంగ్లీషువారిదియు గాదు. ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున గాస్కనీ యను సీమ కలదు. లాటిను భాషలో తలకుగల పేరునుండి 'చిన్న తలకాయ', అనగా చిన్న నాయకుడు అను అర్థమున ఆ సీమలో నొక పదమేర్పడి, క్రమముగా పెద్దయింటి చిన్నకొడుకునకు పేరైనది. అచ్చట ఆస్తి జ్యేష్ఠునకు దక్కెడిది. చిన్నవాడు కత్తిబట్టి రాజుగారి సేనలో చేరెడివాడు. అట్లు సేనలో చేరి పని నేర్చుకొను చిన్నకొడుకే కేడెట్టు. అన్నదమ్ములు సమభాగములు పంచుకొను మన దేశమున ఆ మాట కవసరమే లేదు. అయినను మాటలకు సరిహద్దు లెక్కడివి?

మన విద్యార్థులకు సైనికశిక్షణ మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1917లో, కలకత్తా విశ్వవిద్యాలయమునందు ఆరంభమైనది. ఆ దళమున చేరినవారిలో సుభాసచంద్ర బోసు ఒకరు. అంతకుముందు ఆయన వంగదేశపు పటాలములో చేరబోగా, కంటిచూపు చాలదని త్రోసిపుచ్చిరి. విద్యార్థుల దళమున మాత్రము చేర్చుకొనిరి. తెల్లదొరల యేలుబడిలో తుపాకి పట్టనేర్చిన యా విద్యార్థియే పిమ్మట ఆజాదు హిందు ఫౌజునకు అధినేతయై ఆ దొరలపైననే దండెత్తెను. ఈ సంగతి తలచినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును. విద్య నేర్పినవాని వశమున నుండదు గదా!

1920లో వచ్చిన శాసనము ననుసరించి ఆ దళములు విశ్వవిద్యాలయ శిక్షణ దళములైనవి. 1942లో మరల పేరు మారినది. కాని అవి కొన్ని కళాశాలలకే పరిమితములు. పల్లెటూరి బడిపిల్లవాని కవి కంటబడలేదు. 1946లో పండిత హృదయనాథ కుంజ్రూగారి అధ్యక్షతను ఒక సంఘమును నియమించిరి. ఆ సంఘము, కళాశాలలతోపాటు పాఠశాలలలో కూడ దేశమంతటను ఇట్టి దళము నెలకొల్పవలెనని చెప్పెను. దాని ఫలితముగా 1948లో శాసనము వెలువడి, ఆ యేటి జూలైలో నేషనల్ కేడెట్ కోర్ పుట్టినది. దానికి తొలి సంచాలకులు కర్నలు బేవూరుగారు. వారే 1973లో భారతసేన కధిపతులైరి. బాలికల విభాగము 1949లోనే యేర్పడినది.

1962లో చీనాతో యుద్ధము జరిగినది. దాని వేడి తగ్గకమునుపే, 1963లో, కళాశాలలలో చదువు యువకులకు ఈ శిక్షణమును నిర్బంధము చేసిరి. 1968లో మరల ఎవరి యిష్టమునకు వారిని విడిచిరి. ఈ ప్రసంగము వినుచున్న పెద్దలలో ఆ యయిదేండ్లనడుమ కళాశాలలో చదివినవారు కొందఱుందురు. ఖాకీ యుడుపులు, బరువు బూట్లు, ఎండలో కవాతు, తుదను పెట్టిన ఫలహారము వారికి జ్ఞాపకముండును. వారు కోరి చేరినవారు కారు. కాని నేనెఱిగినంతవఱకు, ఆ దినములను గూర్చి తనివితీర చెప్పుకొనువారు వారే.

ఇక పదవుల సంగతి. చేరిన ప్రతి బాలుడును కేడెట్టే. చేతిపై ఒక పట్టీ వచ్చినచో లాన్సు కార్పొరల్, రెండైనచో కార్పొరల్, మూడైనచో సార్జెంటు. కార్పొరల్ అను మాటయు ఇటలీ భాషలో తలకుగల పేరునుండియే వచ్చినది. కావున కేడెట్టును, కార్పొరలును ఒక్క తలనుండి పుట్టిన దాయాదులు. లాన్సు అనగా బల్లెము. పోరులో బల్లెము విరిగిన అనుభవశాలికి ఇటలీలో వాడిన మాటనుండి ఆ పేరు వచ్చినదందురు. సార్జెంటు మాట ఇంకను వింతయైనది. లాటినులో దానికి మూలార్థము 'సేవ చేయువాడు' అని. మూడు పట్టీలు తొడిగి, గొంతెత్తి యాజ్ఞలిచ్చువానికి సేవకుడని పేరు!

ఆపైన ఉడుపులును సామగ్రియు లెక్కచూచు క్వార్టరుమాస్టరు సార్జెంటు, కంపెనీకంతకు పెద్దయగు సార్జెంటు మేజరు కలరు. కళాశాల విభాగమున అండరాఫీసరు, అందఱకును మీద సీనియరు అండరాఫీసరు ఉందురు. వారి గుర్తు చేతినుండి భుజముపైకెక్కును. పేర్లు సేననుండి యెరువు తెచ్చుకొన్నవే యైనను, ఇవి సేనలోని ఉద్యోగములు కావు. దళమున చేరినంతమాత్రమున ఎవరును యుద్ధమునకు పోవలసిన బాధ్యత లేదని శాసనములోనే యున్నది. కావున జీతమును లేదు, పింఛనును లేదు. పరీక్షలు మాత్రము కలవు: పాఠశాలలో 'ఎ', కళాశాలలో 'బి', 'సి' పత్రములు. 'సి' పత్రము మంచి శ్రేణిలో గలవానికి సేనాధికారి పదవులకు వ్రాతపరీక్ష లేకయే ఎంపికకు పోవు ప్రత్యేక మార్గ మున్నది. ఇదంతయు ఆ పెద్దగారికి చెప్పితిని. "అయితే ఆ కాగితమును పారవేయవద్దు" అనిరి. నేనును అదేమాట యంటిని.

ఉపాధ్యాయులకు కూడ పదవులున్నవి. నేను నాగపురము దగ్గఱ కాంప్టీలో శిక్షణ పొంది, థర్డు ఆఫీసరునై తిరిగివచ్చితిని. పంచె కట్టు తెలుగు పండితుడు బూట్లు తొడిగి సెల్యూటు చేయుట చూచి మా వీధివారు చాలదినములు నవ్విరి. అది నాకు బాధ కాలేదు. నన్ను బాధించునది వేఱొకటి కలదు.

పట్టీ లెవరి కీయవలెనో నిర్ణయించువాడను నేనే. ఒకయేడు సార్జెంటు పదవికి ఇద్దఱు తగినవారుండిరి. ఒకనికి కంఠము గట్టిది. బూట్లు అద్దమువలె మెఱయును. రెండవవాడు మూడు మైళ్లు నడచి, గేదెల పాలు పితికి, మట్టి కాళ్లతో ఆలస్యముగా వచ్చెడివాడు. శిబిరములో ఒక పిల్లవానికి జ్వరము వచ్చిన రాత్రి తెల్లవార్లు మేలుకొని తడిగుడ్డ వేసినవాడు ఈ రెండవవాడే. అది నేను చూచితిని. చూచియు మూడు పట్టీలు బూట్లు మెఱసినవాని కిచ్చితిని. వీడు లాన్సు కార్పొరల్ గానే బడి విడిచెను.

నిరుడు జరిగిన కూటమున కందఱను చేర్చినవాడు అతడే. పాత హాజరుపట్టికను, మిత్రుల పెట్టెలలోని పత్రములను చూచి, వానిపైనున్న పేర్లను, సంఖ్యలను, పటాలములను ఒక నోటుపుస్తకములో ఎక్కించి, బస్సులలో ఊరూర తిరిగి, నలువదియిద్దఱిలో ముప్పదియొక్కరిని పట్టుకొనెను. సావధాన్ అన్నప్పుడు తన పాత తావుననే, ఎడమకొనను, నిలిచెను. కుడిప్రక్కకు రమ్మని పిలిచితిని. "నా తావిదే కదండీ" అనెను.

పిమ్మట ఆ పుస్తకము నాకు చూపెను. ప్రతి పేరునకెదుట పదవి వ్రాసియున్నది. తన పేరునకెదుట మాత్రము గడి ఖాళీగా నున్నది. "ఏమి వ్రాయమందురు, మాస్టరుగారూ?" అని యడిగెను. కలము చేతబట్టి కొంతసేపు ఊరకుంటిని. తుదకు ఉన్నదున్నట్లు లాన్సు కార్పొరల్ అని వ్రాసి, ఆ పట్టీ యిచ్చినవాడను నేనేయని క్రింద నా సంతకము చేసితిని. అతడు చదువుకొని, పుస్తకము సంచిలో బెట్టుకొనెను. తక్కిన పదునొకండుగురి కొఱకు మినుము కోతలైన తరువాత బయలుదేరుదునని చెప్పి, బస్సు వేళయగుటచే వెడలిపోయెను.