ఒప్పంద పత్రమునకు ఎక్కని మాట

మన యానాము నాడు పుదుచ్చేరి గవర్నరు ఏలుబడిలో నుండెను. ఆ పుదుచ్చేరి నుండియే 1838లో, కడలూరు చెంతనున్న తిరువహీంద్రపురపు దేవదాసీల మేళ మొకటి, తార్దివెల్ అను ఫ్రెంచి వర్తకునితో ఒప్పందము చేసికొని ఓడ యెక్కెను. స్త్రీలు ఐదుగురు, వాద్యకారులు ముగ్గురు. పెద్దది తిల్లమ్మాళ్, కడపటిది ఆరేండ్ల పసిది.

ఆగస్టులో పారిసు నందును, అక్టోబరులో లండను అడెల్ఫీ నాటకశాల యందును ఆడిరి. పదునెనిమిదేండ్ల అమ్మణిని కవి గోతియే కొనియాడెను. శిల్పి బార్ ఆమె ప్రతిమను చేసెను. తెర వెనుక మాత్రము వారు వేరుగా బసచేసి, తమ వంట తామే వండుకొనిరి. స్వామి సన్నిధి నాడిన యాటను టిక్కెట్టు కొన్నవారి యెదుట, వర్తకుడు చెప్పిన వేళకు ఆడవలసి వచ్చెను. ఆ ఒప్పందములోని చిక్కు అదియే.

కచేరీలలో ఇట్టి పత్రములకు నకళ్లు వ్రాసి ముసలివారమైన మేమెరుగుదుము: గడువునకు, రూకలకు అందు చోటుండును, పరదేశపు చలికి, ఇంటి బెంగకు ఉండదు. ఆ మేళమును గూర్చి మనకు దక్కినదియు చాలవరకు చూచినవారి వ్రాతయే.

పొట్టకూటికై పొలిమేర దాటిన పెద్దలు మన యిండ్లలోను కలరు. వారి పత్రములు పెట్టె అడుగున నున్నచో, అందు వ్రాయని మాటను పిల్లలకు చెప్పవలయునని మా మనవి.