అబ్బ జాగీరు

దసరాకు దేవరగట్టు వెళ్తుంటే ఆదోని బస్సులో సీటు తగువు. "ఇదేమన్నా మీ అబ్బ జాగీరా?" అన్నాడొకాయన. తరతరాల ఆస్తికి జాగీరన్న మాట నప్పదు. పారసీలో 'జా' అంటే చోటు, 'గీర్' అంటే పట్టుకోవడం. మన జాగా ఆ 'జా' చుట్టమే. మా సీమలో ఊరూరా ఉండే దస్తగిరి పేరులోనూ ఆ 'గీర్' ఉంది: చేయి పట్టి ఆదుకునేవాడు. మొగలాయిల నాడు జాగీరంటే కొలువుకు బదులు దక్కే శిస్తు హక్కు. నేల సొంతం కాదు, ఏలిక తీసేసుకోవచ్చు. ఆదోని అలాంటిదే. నిజాం అలీఖాన్ సోదరుడు బసాలత్ జంగ్ ఇక్కడ రాజులా బతికి 1782లో పోయాడు. నాలుగేళ్లకే టిప్పు సుల్తాన్ కోట పట్టి గోడలు కూల్పించాడు. తిరిగి తన చేతికొచ్చిన ఈ సీమనంతా 1800లో నిజాం కుంపిణీకి రాసిచ్చాడు.