సంచిలో మేల్కొను టాబ్లెట్టు

హైదరాబాదులోని మాదాపూరున 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన నాటినుండి హైటెక్ సిటీలో కంప్యూటరు ఉద్యోగులు పెరిగిరి. వారి సంచుల బరువును పెరిగినది. టాబ్లెట్టు, దాని కవరు, చెవిఫోనుల పెట్టె, చిన్న స్పీకరు ఒకే సంచిలో ఇరికించినపుడు టాబ్లెట్టు దానంతటదే మేల్కొని బ్యాటరీ తరుగుట కలదు. బల్లపై వెలుగుచుండగనే ఆరిపోవుటయు కలదు. యంత్రము చెడినదని తలతురు. పెక్కుసార్లు కారణము ప్రక్కనున్న అయస్కాంతమే. అదెట్లో తెలియుటకు 1879వ సంవత్సరమునకు పోవలెను.

విద్యుత్తు ప్రవహించు తీగను అయస్కాంతము నెట్టునని అప్పటికే తెలియును. నెట్టబడునది తీగయే గాని ప్రవాహము కాదని మాక్స్‌వెల్ 1873లో వ్రాసెను. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున రోలండు శిష్యుడైన ఎడ్విన్ హాల్‌కు ఈ మాట రుచింపలేదు. ఆతడు గాజుపై అతికించిన పలుచని బంగారు రేకుగుండ విద్యుత్తును పంపి, దానిని బలమైన అయస్కాంత ధ్రువముల నడుమ నుంచెను. రేకునకు అడ్డముగా స్వల్పమైన వోల్టేజి పుట్టినది! ప్రవాహమే ప్రక్కకు ఒరిగినదన్నమాట. అప్పటికి ఎలక్ట్రాను పేరైన ఎవరికిని తెలియదు. థామ్సన్ దానిని కనుగొనుటకు ఇంకను 18 ఏండ్లున్నవి. మాక్స్‌వెల్ అంతటివాని మాటను ఒక విద్యార్థి బంగారు రేకుతో కాదనెను.

బంగారమున ఈ వోల్టేజి అత్యల్పము, అర్ధవాహకములలో ఎక్కువ. చిన్న హాల్ సెన్సారులు అందుచేతనే సాధ్యమైనవి. 2011లో ఐప్యాడ్ 2కు అయస్కాంతపు కవరు వచ్చినది. మూయగా తెర ఆరును, తీయగా వెలుగును. అయితే కవరు అయస్కాంతమునకు, స్పీకరు అయస్కాంతమునకు భేదము సెన్సారు ఎరుగదు. సంచిలో కవరు జరిగినను తెరచిరనియే తలచును.

పరీక్ష సులభము. అన్నియు తీసివేసి, ఒక్కొక్క వస్తువునే టాబ్లెట్టు అంచులకు చేర్చి చూడవలెను. దేనికి తెర ఆరునో దానిని వేరొక అరలో నుంచిన చాలును. ఒంటరిగా నున్నపుడును అట్లే చేసినచో మరమ్మతుకు ఈయవలసినదే.