పద్నాలుగో నంబరు పుల్ల

సైకిలు షాపులో స్పోకులు అడిగితే ‘పద్నాలుగా, పదమూడా?’ అంటారు. ఊలు అమ్మే కొట్లో మేజోళ్లల్లే సన్నసూదులు అడిగితే అక్కడా పద్నాలుగో నంబరు తీసి ఇస్తారు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనపడదు. రెండూ రెండు మిల్లీమీటర్లే! చక్రానికీ మేజోడుకీ ఈ చుట్టరికం ఎక్కడ కలిసిందా అని వెతకడం మొదలుపెట్టాను.

కలిసింది తీగ దగ్గర. లోహాన్ని సన్నటి కంతల్లోంచి లాగి తీగ తీస్తారు. ఎన్ని కంతలు దాటితే అంత సన్నం, అంత పెద్ద నంబరు. అందుకే ఈ లెక్కలో 8 అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే మూడుంబావు, 14 అంటే 2. తలా ఒక రకంగా వాడుకుంటున్న ఆ నంబర్లకు 1884లో ఇంగ్లండు చట్టబద్ధమైన కొలత తెచ్చింది. అల్లేవాళ్లూ, సైకిళ్లు చేసేవాళ్లూ ఆ తీగ లెక్కనే పట్టుకున్నారు. ఇంగ్లండు తర్వాత మిల్లీమీటర్లకు మారినా, మన కొట్లలో ఆ పాత నంబర్లే నడుస్తున్నాయి.

బరువులు మోసే మన పాతకాలపు సైకిలుకు ముందు చక్రంలో 32, వెనక చక్రంలో 40 పుల్లలు. మొత్తం 72. గుండ్రంగా మేజోడు అల్లడానికి ఐదు సూదులు కావాలి. అంటే తుక్కుకు పోయే ఒక్క సైకిల్లో పద్నాలుగు సెట్లు, పైన రెండు పుల్లలు కొసరు. తలదగ్గర వంపునూ, రెండో కొసన మరనూ కత్తిరించి పారేసి, ఆకురాయితో మొనలు తీర్చి, గరుకు కాగితంతో రుద్ది, కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే పని అయిపోయినట్టే. మొన మరీ వాడిగా ఉండకూడదు, నూలును చీలుస్తుంది.

గొడుగు చువ్వకు మాత్రం ఆ యోగం లేదు. కోనసీమ వానలకు విరిగిన గొడుగు లేని ఇల్లుండదు కాబట్టి నా కళ్లు ముందు దాని మీదే పడ్డాయి. అయితే ఇంగ్లండులో స్టాక్స్‌బ్రిడ్జి అనే ఊళ్లో శామ్యూల్ ఫాక్స్ 1852లో తెచ్చిన ఉక్కు చువ్వకు పొడవునా గాడి ఉంటుంది. గొడుగు తేలికపడింది ఆ గాడి వల్లే. సూదిగా వాడబోతే నూలు అందులోనే తట్టుకుంటుంది. తమాషా ఏమిటంటే, ఫాక్స్ తీగ వ్యాపారం మొదలుపెట్టింది ఊలు దువ్వే ముళ్ల కోసం!

తీగ సూదులకు ముందు ఎముక, కర్ర, దంతం. ఈజిప్టులో నీలం, తెలుపు నూలుతో అల్లిన సుమారు వెయ్యేళ్ల నాటి మేజోళ్లు దొరికాయి. 1400 ప్రాంతంలో జర్మనీలో ఒక చర్చి కోసం మైస్టర్ బెర్‌ట్రామ్ గీసిన బొమ్మలో మరియమ్మ గుండ్రంగా చొక్కా అల్లుతూ ఉంటుంది. ఇక 1589లో విలియం లీ అల్లిక యంత్రం కనిపెట్టాడు. మనసుపడ్డ పిల్ల తన మాట వినకుండా ఎప్పుడూ అల్లుకుంటూ కూర్చునేదని, ఆ కోపంతో చేశాడని ఒక కథ. అల్లి బతికే పేదల నోట్లో మన్ను పడుతుందని ఎలిజబెత్ రాణి దానికి హక్కులు ఇవ్వలేదని మరో కథ. లీ ఫ్రాన్సుకు వెళ్లిపోయి అక్కడే పోయాడు. యంత్రం మాత్రం బతికింది.

నా మనసు నిలిచిపోయింది 1840ల దగ్గర. ఆ పదేళ్లనూ ఎంత చదివినా తనివి తీరదు.

1845లో ఐర్లండులో బంగాళదుంప పంటకు తెగులు పట్టింది. కొన్నేళ్లలో సుమారు పది లక్షలమంది చచ్చిపోయారు, మరో పది లక్షలమంది ఓడలెక్కారు. కార్క్ దగ్గర ఉర్సులైన్ సన్యాసినులు ఆడపిల్లలకు కొక్కెం సూదితో లేసు నేర్పారు. క్లోన్స్ అనే ఊళ్లో చర్చి గురువు భార్య కసాండ్రా హ్యాండ్ 1847లో కిల్డేర్ నుంచి పంతులమ్మను రప్పించి ఆ పనే మొదలుపెట్టింది. కొన్ని ఇళ్లలో తమ పువ్వు నమూనా పక్కింటికి తెలియనిచ్చేవారు కాదు. మరి తిండికే లేనివాళ్లకు సూదులెక్కడివి? మామూలు కుట్టుసూది కొసను వంచి, కర్రముక్కలోనో బెండులోనో గుచ్చి, అదే కొక్కెం అనుకున్నారు. యూరప్ దొరసానులు మెడకు చుట్టుకున్న లేసు ఆ బెండుముక్కల్లోంచే పుట్టింది!

ఇంచుమించు అప్పుడే మన వశిష్ఠ గోదావరి ఒడ్డునా లేసు మొదలైంది. నందన సంవత్సరంలో వచ్చిన కరువు నాడు పుట్టినవాళ్లు అప్పటికింకా పదేళ్ల పిల్లలు. ధవళేశ్వరం ఆనకట్టకు పునాది పడలేదు. విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇంగ్లీషు మిషనరీలు 1830ల్లోనే నరసాపురం చేరి ఉన్నారు. 1844లో మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకు లేసు నేర్పారని చెబుతారు. తర్వాత ఎగువన దుమ్ముగూడెం మిషన్‌లోనూ లేసు అల్లించారు. క్లోన్స్‌లో గురువుగారి భార్య, దుమ్ముగూడెంలో పాదరీ కెయిన్ గారి భార్య: రెండుచోట్లా చరిత్రలో నిలిచినవి దొరసానుల పేర్లే. అల్లినవాళ్లందరూ ‘పేద స్త్రీలు’ అనే రెండు మాటల్లో సర్దుకున్నారు.

నరసాపురం రేవులో పంటు ఎక్కితే ఇవతల కోనసీమ ఒడ్డున సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి రాజోలు. లేసు కూడా అలాగే ఏరు దాటింది. 2024లో నరసాపురం లేసుకు వచ్చిన భౌగోళిక గుర్తింపు (జీఐ) పశ్చిమగోదావరికీ కోనసీమకూ కలిపి ఉంది. 15,000 మందికి పైగా ఆడవాళ్లు ఈ పనిలో ఉన్నారు. పువ్వులు అల్లడం చేతిపని, వాటిని కలపడం అతుకుపని. ఆ రెండూ తరచూ వేరువేరు ఇళ్లలో జరుగుతాయి. దారం షావుకారుది. ఏజెంటు తెచ్చి ఇస్తాడు, అల్లిన సరుకు పట్టుకుపోతాడు. నమూనా కొనేవాడిది, ధర ఎగుమతిదారుడిది. జర్మనీ నుంచి వచ్చిన పరిశోధకురాలు మరియా మీస్ ఈ లెక్కలన్నీ విప్పి 1982లో పుస్తకం వేసింది. రోజుకు గంటల తరబడి అల్లే మనిషిని ‘ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణి’గా రాసుకోవడం వల్లే కూలి అంత తక్కువగా నిలిచిందని ఆవిడ వాదం. ఆ లెక్క ప్రకారం చూస్తే ఆ మొత్తం వ్యాపారంలో అల్లే మనిషికి సొంతమైన ఆస్తి ఒక్కటే, సూది.

నేను స్పోకుతో లేసు సూది చెయ్యబోయాను. రెండు మిల్లీమీటర్లు లేసు దారానికి లావు. కొసను సగానికి సగం అరగదీసి, ఏటవాలుగా గాటు పెట్టి, గాటు అంచులు మొద్దు చెయ్యాలి. ఒక్క గరుకు మిగిలినా దారం పోగులు లేస్తుంది. వెదురు సూదులు ఇంకా సులువు. ముదురు వెదురును నిలువునా చీల్చి, ఆరబెట్టి, పీచు వెంబడి చెక్కితే నాలుగో అయిదో మిల్లీమీటర్ల జత సాయంత్రానికి తయారు. కొబ్బరీనె మాత్రం పనికిరాదు, చీపురుకే దాని పుట్టుక.

వెదురును ఇలా చెక్కడం మన సముద్రపు ఒడ్డు ఊళ్లకు కొత్తకాదు. అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా వలలు అల్లిన చేతులే వల దారం చుట్టుకునే వెదురు పుల్లనూ చెక్కుకునేవి. పక్కన ఒక చదును చెక్క ఉండేది, దాని వెడల్పును బట్టే వల కన్ను. ఏ చేపకు ఎంత కన్ను కావాలో అల్లేవాడే తేల్చుకునేవాడు. తర్వాత నైలాన్ వచ్చింది, వెనకే మరమీద అల్లిన వలలు వచ్చాయి. ఇప్పుడు చేతికి మిగిలింది చినిగినచోట బాగుచెయ్యడమే. కన్ను కొలత ఫ్యాక్టరీది.

పోయింది డబ్బు కాదు. ఇవాళ కొట్లో సూది చవకే, ఆకురాయితో కుస్తీ పట్టక్కర్లేదు. నా అల్లికకు ఎంత సందు కావాలో నేనే నిర్ణయించుకునే వీలు పోయింది. పనిముట్టు చేసుకోవడం వచ్చినవాళ్లు కొలత విషయంలో బేరమాడగలరు. రానివాళ్లు ఇచ్చింది పట్టుకోవాలి. మ్యూజియాలు లేసు దాచాయి, బెండుముక్కల్ని అంతగా పట్టించుకోలేదు. నరసాపురంలో లేసు పార్కు ఉంది. అక్కడే ఇళ్ల నుంచి అడిగి తెచ్చిన పాత సూదులకూ ఒక బల్ల కేటాయించమని నా మనవి. ఒక్కోదాని కింద అల్లినావిడ పేరు, ఊరు, ఆ రోజుల్లో పువ్వుకు ఎంత ఇచ్చారో రాయాలి. జీఐ పత్రంలో దొరకని చరిత్ర అక్కడ చదువుకోవచ్చు.