గ్రాండ్ కాన్యన్ నదిలో స్థానికేతర మత్స్యజాతులు: మారుతున్న విలువల చరిత్ర

వ్యాససంగ్రహం:
అమెరికాలోని కొలరాడో నదిలో, ముఖ్యంగా గ్రాండ్ కాన్యన్ భాగంలో, స్థానికేతర చేపలు ప్రవేశించిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఏ చేపను పెంచాలి, ఏ చేపను తొలగించాలి అన్న నిర్ణయం ఆయా కాలాల్లో మనుషులు ఆ చేపకు కట్టిన విలువను అనుసరించి మారిందని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: కొలరాడో నది, స్థానికేతర జాతులు, హంప్‌బ్యాక్ చబ్, ఆనకట్ట, జూనీ ప్రజలు.

1. ప్రవేశిక:
అరిజోనా ఎడారి పీఠభూమిని లోతుగా కోసుకుంటూ పారే కొలరాడో నది పూర్వం మంచు కరిగే కాలంలో ఉద్ధృతంగా పొంగేది. వేసవిలో వెచ్చబడి, శీతకాలంలో గడ్డకట్టే స్థితికి చేరువయ్యేది. నీరు ఒండ్రుతో ఎర్రగా ఉండేది. ఈ కఠిన పరిస్థితులను తట్టుకొని గ్రాండ్ కాన్యన్‌లో జీవించిన స్థానిక మత్స్యజాతులు ఎనిమిది మాత్రమే. తల వెనుక మూపుతో కనిపించే హంప్‌బ్యాక్ చబ్ వాటిలో ఒకటి. రాబర్ట్ రష్ మిల్లర్ 1946లో దానిని శాస్త్రీయంగా వర్ణించే నాటికే పరాయి చేపలు ఈ నదిలో స్థిరపడ్డాయి.

2. ఆహారం, వినోదం:
1871లో ఏర్పడిన అమెరికా మత్స్య కమిషన్ 1877లో జర్మనీ నుంచి కామన్ కార్ప్‌ను తెప్పించి, దేశమంతటా పంపిణీ చేసింది. తెలుగువారు బంగారుతీగ అని పిలిచే చేప ఇదే. వలస కుటుంబాలకు చౌకగా ఆహారం సమకూర్చడం నాటి ఉద్దేశం. ఆ శతాబ్ది చివరికి కార్ప్, ఛానల్ క్యాట్‌ఫిష్ కొలరాడో నదిలోకి చేరాయి. 1919లో గ్రాండ్ కాన్యన్ జాతీయ ఉద్యానవనంగా ఏర్పడ్డాక ఉద్దేశం మారింది. 1920ల్లో పర్యాటకుల గాలపు వేట కోసం బ్రైట్ ఏంజెల్ వంటి ఉపనదుల్లో ట్రౌట్ చేపలను వదిలారు. వీటిలో రెయిన్‌బో ట్రౌట్ పసిఫిక్ తీరానిది, బ్రౌన్ ట్రౌట్ ఐరోపాది.

3. విషప్రయోగం, ఆనకట్ట:
ఈ దృష్టి ఎగువన మరింత తీవ్రరూపం దాల్చింది. కొలరాడోకు ఉపనది అయిన గ్రీన్ నదిపై ఫ్లేమింగ్ గార్జ్ ఆనకట్ట పూర్తికావస్తున్న సమయంలో, 1962 సెప్టెంబరులో, వందల కిలోమీటర్ల మేర నదిలో రోటెనోన్ అనే విషాన్ని కలిపారు. కొత్త జలాశయంలో ట్రౌట్‌కు పోటీ లేకుండా చేయడానికి నాడు 'చెత్త చేపలు'గా పిలిచిన జాతులను నిర్మూలించడం దాని లక్ష్యం. వాటిలో స్థానిక జాతులూ ఉన్నాయి. ఆ విషం నిర్దేశించిన హద్దు దాటి దిగువన ఉన్న డైనోసార్ జాతీయ స్మారక ప్రాంతంలోకీ చేరింది. మిల్లర్ వంటి శాస్త్రవేత్తలు ఈ చర్యను వ్యతిరేకించారు.

1963లో గ్రాండ్ కాన్యన్‌కు ఎగువన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట నీటిని నిలపడం ప్రారంభించింది. ఒండ్రు పావెల్ జలాశయంలోనే ఆగిపోయింది. జలాశయం అడుగుభాగం నుంచి విడుదలయ్యే నీరు ఏడాది పొడవునా చల్లగా, తేటగా ఉండడంతో ట్రౌట్ వృద్ధి చెందింది. ప్రధాన ప్రవాహంలో చబ్ సంతానోత్పత్తి కుంటుపడింది. వెచ్చని లిటిల్ కొలరాడో ఉపనది దానికి ముఖ్య ఆశ్రయంగా మిగిలింది. ఎనిమిది స్థానిక జాతుల్లో మూడు గ్రాండ్ కాన్యన్ నుంచి కనుమరుగయ్యాయి.

4. రక్షణ, అభ్యంతరం:
1967లో హంప్‌బ్యాక్ చబ్‌ను అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. దీనితో ట్రౌట్ స్థానం తలకిందులైంది. 2003-2006 మధ్య లిటిల్ కొలరాడో సంగమం సమీపంలో నీటిలోకి విద్యుత్తు పంపి, వేలాది ట్రౌట్ చేపలను పట్టి చంపారు. దీనికి జూనీ ఆదివాసులు అభ్యంతరం చెప్పారు. వారి విశ్వాసం ప్రకారం పూర్వీకులు గ్రాండ్ కాన్యన్‌లోనే భూగర్భం నుంచి వెలుపలికి వచ్చారు. అక్కడి జలచరాలతో వారిది బంధుత్వం. కనుక ఆ పవిత్రస్థలంలో మూకుమ్మడిగా ప్రాణం తీయడం వారికి సమ్మతం కాలేదు. స్థానిక, పరాయి అన్న శాస్త్రీయ విభజన వారి బంధుభావనకు హద్దు కాలేదు. 2012 నాటి ప్రభుత్వ నిర్ణయంలో చేపలను ప్రాణాలతో పట్టి తరలించే పద్ధతికి చోటు లభించింది.

5. కొత్త సంకటం:
2021లో చబ్ పరిస్థితి మెరుగుపడిందని దాని ప్రమాదస్థాయిని ఒక మెట్టు తగ్గించారు. మరుసటి ఏడాదే, కరువు వల్ల పావెల్ జలాశయం అడుగంటుతుండగా, పైపొరల్లోని వెచ్చని నీటితో పాటు స్మాల్‌మౌత్ బాస్ అనే వేటాడే చేప ఆనకట్ట దాటి దిగువన పిల్లలు పెట్టింది. ఆ మడుగులో అధికారులు ప్రయోగించినది కూడా రోటెనోనే. 1962లో స్థానిక చేపలను చంపిన విషాన్ని అరవై ఏళ్ల తర్వాత స్థానిక చేపల రక్షణకు వాడారు. 2024లో బాస్ సంతానోత్పత్తిని అడ్డుకోవడానికి టర్బైన్లతో సంబంధం లేని గొట్టాల ద్వారా చల్లని నీటిని విడుదల చేశారు. ఫలితంగా కొంత విద్యుదుత్పత్తిని వదులుకోవలసి వచ్చింది.

6. ముగింపు:
కార్ప్ ఆహారంగా, ట్రౌట్ వినోదంగా ఈ జలాల్లోకి ప్రవేశించాయి. రెండింటినీ తెచ్చినది ప్రభుత్వ విధానమే. నేడు వాటిని 'చొరబాటు జాతులు'గా మాత్రమే వర్ణిస్తే, ఆ విధానాల బాధ్యత మరుగున పడుతుంది. చబ్‌కు హాని చేసిన చల్లని నీరే ఇంతకాలం బాస్‌ను నిలువరించింది. ఆనకట్ట ఉన్నంతవరకు నీటి ఉష్ణోగ్రతను నిర్ణయించే ప్రతి చర్యా ఒక జాతికి మేలు, మరొక జాతికి కీడు చేస్తుంది. అందువల్ల ఈ నదిలో జాతుల రక్షణ శాస్త్రీయ సమస్య మాత్రమే కాదు. ఎవరి విలువలను గణనలోకి తీసుకోవాలన్న చారిత్రక, నైతిక సమస్య కూడా. జూనీ ప్రజల అభ్యంతరం చర్చకు తెచ్చినది దీనినే.