బడులు మూసిన 515 రోజులు: ఆదోని, ఎమ్మిగనూరు చిన్నపిల్లల కుటుంబాలకు దక్కిందేమిటి, దక్కాల్సిందేమిటి

కరోనా కారణంగా రాష్ట్రంలోని విద్యాసంస్థలన్నీ మూసేస్తున్నట్టు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 మార్చి 18న ప్రకటించింది. మరుసటి రోజు, అంటే మార్చి 19 నుంచి బడులకు తాళాలు పడ్డాయి. మొదట ‘మార్చి 31 వరకే’ అన్నారు. పిల్లలు పదిరోజుల సెలవులనుకుని సంచులు మూలన పెట్టారు. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలు మళ్లీ బడి గడప తొక్కింది 2021 ఫిబ్రవరి 1న. అంతలోనే రెండో వేవ్ వచ్చి ఏప్రిల్ 20 నుంచి ఒకటి నుంచి తొమ్మిదో తరగతి వరకు మళ్లీ సెలవులిచ్చారు. ఆగస్టు 16న గానీ బడులు తెరుచుకోలేదు.

లెక్క వేస్తే మొదటి మూతకూ చివరి తెరుపుకూ మధ్య 515 రోజులు. అందులో ప్రాథమిక తరగతులు తెరిచి ఉన్నవి 78 రోజులు, అది కూడా ఆదివారాలు, పండుగలు తీసేయకుండా. 2020 మార్చిలో ఒకటో తరగతిలో ఉన్న బిడ్డ 2021 ఆగస్టులో మూడో తరగతిలో కూర్చున్నాడు. మధ్యలో అక్షరాలు దిద్దాల్సిన కాలమంతా ఇంట్లోనే గడిచిపోయింది. పెద్ద తరగతుల పిల్లలకు పోయింది పాఠాలు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం అనేదే అందకుండా పోయింది.

పడమటి కర్నూలుకు ఈ దెబ్బ ఎందుకు ఎక్కువ?

ఆదోని అంటే పత్తి మార్కెట్ యార్డు, జిన్నింగు మిల్లులు. అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరు అంటే మగ్గాలు. పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో మొదలుపెట్టిన చేనేత సహకార సంఘంతోనే ఆ ఊరికి పేరొచ్చింది. మార్కెట్లో హమాలీలు, మిల్లు కూలీలు, తోపుడు బండ్లవాళ్లు, ఆటో డ్రైవర్లు, మెకానిక్ షెడ్లలో పనిచేసేవాళ్లు, బీడీలు, బట్టల కుట్టుపని మీద బతికేవాళ్లు ఈ రెండు పట్టణాల ముస్లిం మొహల్లాల్లో చాలామంది. వీళ్లది రోజు కూలి. లాక్‌డౌన్‌తో ఆ కూలి ఆగిపోయింది. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనూ తండ్రి జేబులోనే ఉంటే, పని మళ్లీ మొదలయ్యాక ఆన్‌లైన్ క్లాసు ఎవరికి?

చుట్టుపక్కల కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, కౌతాళం మండలాల సంగతి ఇంకోరకం. వానలు మొహం చాటేసే ఈ నేల నుంచి ఏటా దీపావళి అటూఇటూగా మొదలుపెట్టి కుటుంబాలు పిల్లాపాపలతో వలస పోతాయి. గుంటూరు వైపు మిరపకోతలకు, తెలంగాణకు పత్తి తీతకు, బెంగళూరుకు భవనాల పనులకు. తిరిగొచ్చేది ఎండాకాలంలో. 2021లో ప్రాథమిక బడులు తెరిచిన ఆ 78 రోజులూ, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా, సరిగ్గా మిరపకోతల కాలం. అంటే వలస వెళ్లిన ఇంటి బిడ్డకు ఆ కాస్త బడి కూడా దక్కలేదు. తేదీలు నిర్ణయించింది రాష్ట్రమంతటినీ దృష్టిలో పెట్టుకునే కావచ్చు. వలస మండలాల లెక్క మాత్రం వేరు.

భాష సమస్య దీనికి తోడు. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, ఆలూరు వైపు పోతే కన్నడ. మన పిల్లలు తెలుగు నేర్చుకునేది ఎక్కువగా బడిలోనే, తోటి పిల్లలతో ఆడుకుంటూనే. బడి మూతపడగానే తెలుగు మీడియంలో చేరిన ముస్లిం పిల్లలకు ఆ భాషే చెవిన పడటం తగ్గిపోయింది. ఉర్దూ మీడియం పిల్లలది దీనికి తిరగేసిన కథ. మాట వచ్చు, రాత రాదు. దక్కనీ గడగడా మాట్లాడే బిడ్డ ఉర్దూ లిపిలో రెండు లైన్లు చదవలేకపోతే ఇంట్లోవాళ్లకు తెలియదు కూడా. తల్లికి లిపి వచ్చిన ఇళ్లలో నయం. మక్తబ్‌లూ మూతపడ్డాయి కాబట్టి ఖాయిదా చదువూ ఆగింది.

ప్రభుత్వం ఏం చేసింది

ముందు అన్నం సంగతి. బడి మూస్తే మధ్యాహ్న భోజనం ఆగుతుంది. 2020 మార్చి 18ననే సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు తీసుకుని, పిల్లల భోజనం ఎలా అందిస్తారో చెప్పాలని రాష్ట్రాలకు నోటీసులిచ్చింది. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద 2015లో చేసిన మధ్యాహ్న భోజన నిబంధనల ప్రకారం, బడి రోజున భోజనం పెట్టలేకపోతే దానికి బదులు ధాన్యం, వంట ఖర్చు ఇవ్వాలి. ఇది దయ కాదు, హక్కు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఏడాది జనవరిలోనే ‘జగనన్న గోరుముద్ద’ పేరుతో కొత్త మెనూ వచ్చి ఉంది: వారానికి ఐదు కోడిగుడ్లు, మూడు రోజులు చిక్కీ. మూత కాలంలో బియ్యం, గుడ్లు, చిక్కీలు విడతలవారీగా ఇళ్లకు చేర్చారు.

అందింది సరిపోయిందా లేదా తెలుసుకోవాలంటే లెక్క చాలా తేలిక. ఐదో తరగతి వరకు బిడ్డకు బడి రోజుకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాములు. నెలలో 20 బడి రోజులుంటే చిన్నబిడ్డకు 2 కిలోలు, పెద్దబిడ్డకు 3 కిలోలు. రేషన్ షాపులో ఇచ్చే కేంద్రం ఉచిత బియ్యం, మనిషికి 5 కిలోలు, దీనికి వేరే. ఒకటి ఇచ్చామని రెండోది ఎగ్గొట్టడానికి లేదు. మళ్లీ ఎప్పుడైనా వరదలకో, జబ్బులకో బడి రోజులు పోతే ఇదే లెక్క పనికొస్తుంది.

చదువు విషయానికొస్తే, 2020 జూన్ నుంచి దూరదర్శన్ సప్తగిరి ఛానల్‌లో పాఠాలు ప్రసారమయ్యాయి. తర్వాత ‘విద్యా వారధి’ పేరుతో పిల్లలను మూడు రకాలుగా విడగొట్టారు: ఇంటర్నెట్ ఉన్నవాళ్లు, టీవీ లేదా రేడియో మాత్రమే ఉన్నవాళ్లు, ఏదీ లేనివాళ్లు. ఆలోచన మంచిదే. కానీ ఆరేళ్ల బిడ్డ టీవీ ముందు గంటసేపు తనంతట తాను కూర్చుని అక్షరాలు నేర్చుకోడు. పక్కన ఒక పెద్ద మనిషి ఉండాలి. ఆ మనిషి చదువుకున్నవారే కానక్కర్లేదు, ‘ఇప్పుడు టీచరమ్మ ఏం చెప్పింది, మళ్లీ చెప్పు బేటా’ అని అడిగేవాళ్లుంటే చాలు. చాలా ఇళ్లలో ఆ పని అక్కల మీద పడింది. వంట, చెల్లీతమ్ముళ్ల ఆలనాపాలన కూడా వాళ్ల మీదే పడింది. తమ్ముడి చదువు నిలబెట్టడానికి అక్క తన చదువు వదులుకున్న ఇళ్ల లెక్క ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

2020 అక్టోబర్ 8న ‘విద్యాకానుక’ మొదలైంది. ఒకటి నుంచి పదో తరగతి వరకు దాదాపు 42 లక్షల 34 వేల మందికి మూడు జతల యూనిఫాం గుడ్డ, పుస్తకాలు, నోట్‌బుక్కులు, బూట్లు, సాక్సులు, బెల్టు, సంచి. చిన్న తరగతుల పిల్లలు కొత్త సంచి భుజాన వేసుకుని బడికి పోవడానికి ఇంకా నాలుగు నెలలు ఆగాల్సి వచ్చింది. అయినా పుస్తకం ఇంటికి చేరడం చిన్న విషయం కాదు. ఆ ఏటి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండటం తల్లిదండ్రులకూ కొంత కలిసొచ్చింది.

అమ్మఒడి రెండో విడత 2021 జనవరి 11న వచ్చింది, రాష్ట్రంలో 44 లక్షల 48 వేల మందికి పైగా తల్లుల ఖాతాల్లో. చెప్పుకునే మొత్తం 15,000, మరుగుదొడ్ల నిర్వహణ కింద 1,000 పోగా చేతికి 14,000. ఆ డబ్బు ఫోన్‌కు, అద్దెకు, అప్పుకు పోయిందే ఎక్కువ. ఆకలిగా ఉన్న ఇంట్లో అది తప్పని కూడా అనలేం. మైనారిటీ పిల్లలకు కేంద్రం ఇచ్చే ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్ ఐదో తరగతి వరకు ఏడాదికి వెయ్యి రూపాయలు. మొత్తం ఆన్‌లైన్ దరఖాస్తు. నెట్ సెంటర్లు మూసి, ఆదాయ ధ్రువపత్రం కోసం తిరగలేని కాలంలో ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. 2022-23 నుంచి ఆ స్కాలర్‌షిప్ తొమ్మిది, పది తరగతులకే పరిమితమైంది. చిన్న తరగతులకు ఇప్పుడు లేదు కాబట్టి దాని పేరు చెప్పి దరఖాస్తు ఫీజు వసూలు చేసేవాళ్లను నమ్మకూడదు.

చిన్న ప్రైవేటు స్కూళ్లలో చదివించే కుటుంబాలు రెండు రకాలుగా ఇరుక్కున్నాయి. కూలి లేదు, ఫీజు మాత్రం ఉంది. 2020-21కి ట్యూషన్ ఫీజులో 70 శాతమే తీసుకోవాలని ప్రభుత్వం 2020 అక్టోబర్ 30న ఉత్తర్వు ఇచ్చింది. కొందరు ఫీజు కట్టలేక బిడ్డను సర్కారు బడికి మార్చాలనుకుంటే పాత స్కూలు టీసీ దగ్గర ఆగిపోయారు. ఇక్కడ విద్యాహక్కు చట్టం స్పష్టంగా ఉంది. ఎనిమిదో తరగతి వరకు టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోకుండా ఉండకూడదు. వయసు ధ్రువపత్రం లేదని కూడా కాదనకూడదు. చదువు మధ్యలో ఆగిన బిడ్డను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడినదానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఈ మూడు మాటలు తల్లిదండ్రులకు నోటికి వచ్చి ఉండాలి.

ఎంత పోయింది?

‘అసర్’ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 22.6 శాతం. 2022లో 10.3 శాతం. అంటే పదిమందిలో ఒక్కరు. 2018 అంకె కూడా గొప్పది కాదు, అది గుర్తుంచుకోవాలి. బడి మూత గాయాన్ని పెద్దది చేసింది, గాయం ముందునుంచీ ఉంది.

తన బిడ్డ ఆ పదిమందిలో ఎక్కడున్నాడో తల్లిదండ్రులు ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆ సర్వే వాడే పద్ధతి చాలా సాదా. విడి అక్షరాలు కొన్ని, తేలిక మాటలు కొన్ని, నాలుగు చిన్న వాక్యాలు, తర్వాత రెండో తరగతి స్థాయి చిన్న కథ. బిడ్డ ఎక్కడ ఆగిపోతే అదే అతని మెట్టు, ఏ తరగతిలో ఉన్నా సరే. ఐదో తరగతి బిడ్డ మాటల దగ్గర ఆగితే ఐదో తరగతి గైడు కొనివ్వడం డబ్బు దండగ. మాటల దగ్గరి నుంచి మొదలుపెట్టాలి. తల్లిదండ్రులకు చదువు రాకపోతే పక్కింటి ఏడో తరగతి పిల్లను కూర్చోబెట్టి అడిగించవచ్చు. చూసింది టీచరుకు చెప్పాలి. ‘మావోడు సదవడం లేదు సార్’ అనే కన్నా ‘అక్షరాలొస్తున్నాయి, మాటలు కలపలేకపోతున్నాడు’ అంటే టీచరుకు ఏం చేయాలో తెలుస్తుంది. తెలుగు, ఉర్దూ రెండూ నేర్చేవాళ్లకు రెండింటిలో విడివిడిగా చూడాలి. ఒకదాంట్లో ముందుండి ఇంకోదాంట్లో వెనకపడటం మామూలే.

చదివించడానికి కాగితాలు ఇంట్లోనే ఉంటాయి. మార్కెట్ యార్డు తక్‌పట్టీలో క్వింటాళ్లు, ధర, హమాలీ ఖర్చు అన్నీ అంకెలే. మగ్గం ఉన్న ఇంట్లో పడుగు, పేక పోగులు లెక్కపెట్టిన బిడ్డకు ఎక్కాలు కొత్త కాదు. బస్సు బోర్డులు, రేషన్ కార్డు, మందు చీటీలో పూటలు, ఇవన్నీ పాఠాలే. 2020లో రంజాన్ మొత్తం ఇంట్లోనే గడిచింది, తరావీహ్ కూడా ఇంట్లోనే. సెహ్రీ, ఇఫ్తార్ టైంటేబుల్ కాగితం గోడకు అంటించిన ఇళ్లలో గడియారం చూడటం, నిమిషాల తేడా తీయడం నేర్పడానికి ఆ నెల చాలు. వెయ్యికి జకాత్ 25 రూపాయలైతే నాలుగువేలకు ఎంత అని అడిగితే శాతం అంటే ఏమిటో తెలిసిపోతుంది. ఉర్దూ పుస్తకాలు దొరకనివారికి ఎన్‌సీఈఆర్‌టీ ఈ-పాఠశాలలో ఉర్దూ పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఉన్నాయి. మన రాష్ట్ర సిలబస్ కాదు గానీ చదవడం నేర్పడానికి బాగానే పనికొస్తాయి.

కరోనాతో తల్లీతండ్రీ ఇద్దరినీ పోగొట్టుకున్న పిల్లల పేరున 10 లక్షల రూపాయలు డిపాజిట్ చేస్తామని రాష్ట్రం 2021 మేలో ప్రకటించింది. 25 ఏళ్లు వచ్చేదాకా వడ్డీ ఖర్చులకు అందాలి. బంధువుల ఇంట పెరుగుతున్న అలాంటి బిడ్డ ఎవరైనా మొహల్లాలో ఉంటే డిపాజిట్ బాండు ఎవరి దగ్గరుందో, వడ్డీ ఏ ఖాతాలో పడుతోందో పెద్దలు ఒకసారి అడగడం మంచిది.

హాజరు గురించి ఇంకో మాట. మూత కాలంలో పట్టింపు లేకుండా పోయిన 75 శాతం హాజరు నిబంధన 2022 జూన్ 27న ఇచ్చిన అమ్మఒడికి మళ్లీ వర్తించింది. వలస పోయేవాళ్లకు దెబ్బ తగిలేది ఇక్కడే. పని కోసం ఊరు వదిలేముందు హెడ్‌మాస్టర్‌ను కలిసి, సీజనల్ హాస్టల్ ఉందా అని అడిగి, బిడ్డను అక్కడ ఉంచవచ్చు. అదీ కుదరక వెంట తీసుకెళ్తే, వెళ్లిన ఊరి సర్కారు బడిలో చేర్చే హక్కు ఉంది. ఎక్కడైనా బిడ్డను పనిలో పెట్టారనో, పెళ్లి చేస్తున్నారనో తెలిస్తే 1098కి ఫోన్ చేయవచ్చు, ఖర్చు లేదు, రాత్రయినా పలుకుతారు.