రిజిస్టరులో తల్లి పేరు

అమ్మ పోయిన తర్వాత చేవెళ్ల దగ్గరున్న ఆమె ఎకరంన్నర చెలక కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. పహాణీలో అమ్మ పేరు పక్కన మా నాన్న పేరుంది, భర్తగా. ఆమె ఎవరి కూతురో, మొయినాబాద్ పక్క ఏ పల్లె నుంచి ఈ ఇంటికి వచ్చిందో ఏ కాగితమూ చెప్పదు. ఇక అమ్మమ్మ పేరు ఏ కాగితంలోనూ లేదు. మా అక్కచెల్లెళ్లలో కూడా ఎవరికీ తెలియదు, అమ్మమ్మ అంటే అమ్మమ్మే.

ఆ రోజుల్లోనే సికింద్రాబాద్‌లో ఉండే నా స్నేహితురాలు తన జ్ఞానస్నాన పత్రం చూపించింది. సరోజినీదేవి రోడ్డులోని సెయింట్ మేరీస్ చర్చి విచారణలో పుట్టి పెరిగిన మనిషి. అందులో తండ్రి పేరు, దాని పక్కనే తల్లి పేరు, కింద జ్ఞానతల్లి పేరు. నాకు అసూయ కలిగింది. ఆ అసూయతోనే ఆ చర్చి చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

ఆ చరిత్రలో మొదట కనిపించేవాళ్లంతా మగవాళ్లే. 1806లో సికందర్ జా పేరు మీద వెలసిన కంటోన్మెంటులో ఐరిష్ సిపాయిలు చాలామంది కాథలిక్కులు. వాళ్లకోసం కార్క్ ప్రాంతం నుంచి వచ్చిన ఫాదర్ డేనియల్ మర్ఫీ 1840లో చర్చి కట్టడం ప్రారంభించాడు. 1846లో ఆయన మేత్రాణి అయ్యాడు, 1850కి కట్టడం పూర్తయింది. ఆ గోడలు లేచిన పదేళ్లలో సగం కాలం ఆయన స్వదేశంలో కరువు. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకాక ఐర్లాండులో సుమారు పది లక్షల మంది ఆకలికీ జ్వరాలకీ బలయ్యారు. ఇక్కడ మోకరిల్లిన సిపాయిల్లో ఎంతమంది తల్లులు అక్కడ పస్తులున్నారో! చర్చి చరిత్రల్లో దాతల పేర్లుంటాయి, ఈ తల్లులు ఉండరు.

మర్ఫీ ఇక్కడినుంచి వెళ్లి ఆస్ట్రేలియా దిగువనున్న టాస్మానియాలో హోబర్ట్ మేత్రాణి అయ్యాడు. 1866లో అక్కడికి ప్రెజెంటేషన్ మఠకన్యలు వెళ్లారు. వాళ్లకు పెద్ద మదర్ జేవియర్ మర్ఫీ, ఆయన తోబుట్టువు. సముద్రాలు దాటి బడులు నిలబెట్టిన మనిషి. అయినా ఆమె గురించి చెప్పే వాక్యం "మేత్రాణి సోదరి" అనే మొదలవుతుంది. మా అమ్మ పహాణీ గుర్తొచ్చింది.

సికింద్రాబాదుకు వచ్చిన మఠకన్యల కథ కొంచెం వేరు. 1871లో ఇటలీలోని ట్యూరిన్ నుంచి సెయింట్ ఆన్స్ సిస్టర్లు వచ్చారు, అదే ఏడాది బడి మొదలైంది. వాళ్లను పంపినది ఎన్రికెట్టా దొమినిచి, ఆ సభకు అప్పటి పెద్ద. సభను 1834లో స్థాపించింది జూలియా అనే జమీందారిణి, భర్తతో కలిసి. ఆడవాళ్ల సంస్థకు ఆడవాళ్లే ఉత్తరాలు రాసి, డబ్బు లెక్క చూసి, ఓడ ఎక్కించి పంపారు. అందుకే వాళ్ల పేర్లు మిగిలాయి అనుకుంటాను.

మళ్లీ రిజిస్టరు దగ్గరికి వస్తాను. 1563లో ట్రెంట్ మహాసభ ప్రతి విచారణలోనూ పెళ్లిళ్లకూ జ్ఞానస్నానాలకూ పుస్తకం పెట్టమంది. 1614 నాటి రోమన్ పూజావిధి గ్రంథం నమోదుకు ఒక వరస ఇచ్చింది, అందులో తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉండాలి. ఇది స్త్రీల మీద గౌరవంతో చేసిన పని కాదు. జ్ఞానతల్లి అంటే చుట్టరికమే, ఆ చుట్టరికంలో పెళ్లి అప్పట్లో నిషిద్ధంగా ఉండేది. అందుకని ఎవరు ఎవరికి ఏమవుతారో రాసి ఉండాలి. అంటే వావివరసల లెక్క. మనమూ వావివరసలు చూస్తాం, కానీ ఇంటిపేరుతోనూ గోత్రంతోనూ చూస్తాం, రెండూ తండ్రి వైపువే. తల్లి వైపు లెక్క ముసలమ్మల నోట ఉంటుంది. వాళ్లతోనే పోతుంది.

పెళ్లి కాకుండా తల్లయిన స్త్రీకి ఈ పుస్తకం కటువుగానే ఉండేది. 1917 నాటి చర్చి చట్టం ప్రకారం ఆమె తల్లి అన్న సంగతి నలుగురికీ తెలిసి ఉండాలి, లేదా ఆమె తానుగా రాతలోనో ఇద్దరు సాక్షుల ముందో అడగాలి. అప్పుడే పేరు ఎక్కుతుంది. కంటోన్మెంటు పక్క బస్తీల్లో అలా అడగగలిగిన స్త్రీ ఎంత గుండెదిటవు కలదై ఉండాలి!

ఇంత చెప్పాక ఇంకో మాట దాచడం న్యాయం కాదు. చర్చి మరియమ్మ పేరున ఉంది, మోక్షారోపణ పండుగ ఆగస్టు 15న. 2008లో దానికి బసిలికా హోదా వచ్చింది. రోడ్డు సరోజినీ నాయుడి పేరున ఉంది. బలిపీఠం దగ్గర పూజ చేసేది మాత్రం మగవాడే. ఆడపిల్లలు బలిపీఠం దగ్గర సేవ చేయడానికి రోము 1994లో ఒప్పుకుంది. పఠనకర్త, పీఠసేవక పదవులు 2021లో స్త్రీలకు తెరుచుకున్నాయి. గురుత్వం ఇప్పటికీ మూసిన తలుపే. అక్కడికి దగ్గర్లోనే ఉజ్జయినీ మహంకాళి గుడిలో రంగం రోజున పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పేది ఆడమనిషి. ఆ ఒక్క రోజు. మిగతా రోజుల సంగతి మనకు తెలిసిందే.

పోయిన ఆదివారం మొయినాబాద్ దగ్గర అమ్మ తరఫు ముసలావిడ ఒకామె దొరికింది. వినికిడి లేదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచి అడిగాను. "పేరా, ఎందుకే ఇప్పుడు?" అంది. రెండు పేర్లు చెప్పింది, పుట్టింటి పేరొకటి, అత్తారింట్లో మార్చిన పేరొకటి. ఏది రాయాలో తేలక రెండూ రాసుకున్నాను.